చుక్క తరువాత ఏముందో చూసుకోండి



లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన అని అర్థం. ఆ కట్టె వంతెన ఇప్పుడు మనకెవరికీ కనబడదు. అయినా ఆటో అబ్బాయితో ఆ ఒక్క మాట అంటే చాలు, మెట్రో స్టేషను దగ్గరికి తెచ్చి దింపుతాడు. అడ్రసు అంటే అదీ! చెప్పగానే అవతలివాళ్ళకు తెలియాలి, మళ్ళీ మళ్ళీ చెప్పించుకోకూడదు. ఈ రోజుల్లో ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్న ఆడవాళ్ళకు ఇంటి అడ్రసుతో పాటు ఇంటర్‌నెట్‌లో కూడా ఒక అడ్రసు కావలసి వస్తోంది. ఆ అడ్రసు కొనేటప్పుడు జరిగే ఒక పొరపాటు గురించి ఇవాళ చెప్పుకుందాం.

మా వెనక వీధిలో ఒక పిన్నిగారున్నారు. కందిపొడి, కారప్పొడి, మాగాయ, గోంగూర పచ్చడి చేసి అమ్ముతారు. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు నేర్చుకోవడానికొచ్చి హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలు ఆవిడకు మొదటి ఖాతాదారులు. హాస్టలు సాంబారు తిన్న నాలుక పిన్నిగారి పొడి రుచి చూశాక ఊరుకుంటుందా? ఒకరు చెబితే పదిమంది వచ్చారు. అప్పుడు ఆవిడ అక్కగారి అబ్బాయి, వాడూ అమీర్‌పేటలో చదువుతున్నవాడే, "పిన్నీ, నీకో వెబ్‌సైటు పెడతాను. పేరు తొంభై తొమ్మిది రూపాయలకే వస్తోంది" అన్నాడు. పిన్నిగారు సంతోషించారు. ఎవరు సంతోషించరు చెప్పండి? మామిడికాయ కూడా ఆ ధరకు రావడం లేదు.

ఆ పేరు చివర డాట్ కామ్ లేదు, డాట్ ఇన్ లేదు. మరేదో కొత్త తోక ఉంది. ఏ తోక అన్నది ఇక్కడ చెప్పను, అది మనకు ముఖ్యమూ కాదు. అలాంటివి వందల్లో ఉన్నాయి.

వందల్లో ఎలా వచ్చాయంటారా? వెబ్‌సైటు పేరులో ఆఖరి చుక్క తరువాత వచ్చే ముక్కను మనం తోక అనుకుందాం. మొదట్లో ఈ తోకలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. డాట్ కామ్ కింద మొట్టమొదటి పేరు 1985 మార్చిలో నమోదైంది. ఒక్కో దేశానికి రెండక్షరాల తోక ఇచ్చారు, మన దేశానిది డాట్ ఇన్. ఈ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ అనే సంస్థ 1998లో అమెరికాలో ఏర్పడింది. కొత్త తోకలు కావలసినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోండని ఆ సంస్థ 2012లో తలుపులు తెరిచింది. దరఖాస్తు ఒక్కింటికి రుసుము 1,85,000 డాలర్లు! అయినా 1,930 దరఖాస్తులు వచ్చిపడ్డాయి. 2013 నుంచి ఒక్కొక్కటే అమలులోకి వచ్చి, డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్, డాట్ క్లబ్, డాట్ టాప్, డాట్ ఎక్స్‌వైజెడ్ అంటూ పన్నెండు వందలు దాటిపోయాయి.

అంత సొమ్ము పోసి తోక తెచ్చుకున్నవాడు ఊరుకోడు కదా. కొత్తగా బట్టలకొట్టు తెరిచినవాడు మొదటివారం చీర సగం ధరకే ఇచ్చినట్టు, మొదటి ఏడాది తొంభై తొమ్మిదికే ఇస్తాడు. బట్టలకొట్టువాడి చీర కట్టుకున్నంతకాలం మనదే. ఈ పేరు అలా కాదు, అది అద్దె సరుకు. ఏటేటా కట్టాలి, కట్టకపోతే పోతుంది. ఈ తేడా చాలామందికి తట్టదు. పేరు "కొన్నాం" అనుకుంటాం, నిజానికి అద్దెకు దిగాం.

పిన్నిగారికి మొదట తగిలిన ఇబ్బంది చిన్నదే, నోటిమాటతో వచ్చింది. హాస్టలు పిల్లలు ఒకరికొకరు ఫోనులో పేరు చెప్పుకునేవారు. విన్నవాళ్ళు పేరు సరిగ్గానే రాసుకుని, చివర అలవాటు చొప్పున డాట్ కామ్ తగిలించేవారు. కొందరైతే ఆ కొత్త తోక రాసి, దానికి మళ్ళీ డాట్ కామ్ చేర్చేవారు! డాట్ కామ్ తోకతో అదే పేరు ఇంకెవరి చేతిలోనో ఉంది. పిన్నిగారి పొడి కోసం బయలుదేరినవాళ్ళు ఎవరి గుమ్మంలోనో తేలేవారన్నమాట. మీరు పేరు ఎంచుకునేముందు ఒక పని చేయండి. రేడియోలో ఒక్కసారి చదివితే విన్నవాళ్ళు తప్పులేకుండా రాసుకోగలరా అని చూసుకోండి. మీ అత్తగారికో, పక్కింటి పాపకో ఫోనులో చెప్పి రాయమనండి. వాళ్ళు ఏం రాశారో అదే మీకు జవాబు.

రెండోది పెద్ద దెబ్బ. పంజాగుట్టలో ఒక ఆఫీసువాళ్ళు దీపావళికి తమ సిబ్బందికి పచ్చళ్ళ పెట్టెలు పంచాలనుకున్నారు. నూట ఇరవై పెట్టెలు. ధరలు మెయిలులో పంపమన్నారు. పిన్నిగారు ఆ కొత్త పేరు మీద ఉన్న మెయిలు నుంచి ఆ సాయంత్రమే పంపారు. వారం రోజులు చూశారు, జవాబు లేదు. బెట్టు చేస్తున్నారు కాబోలు అనుకుని ఆవిడా ఊరుకున్నారు. పండగ వెళ్ళాక తెలిసిందేమిటంటే, ఆ ఉత్తరం వాళ్ళ చెత్త మెయిళ్ళ అరలోకి పోయి కూర్చుంది. మీరు పంపలేదనుకుని వేరేవాళ్ళకు ఇచ్చేశామన్నారు. ఆవిడ అప్పటికే వంద సీసాలు తెప్పించి పెట్టుకుని ఉన్నారు, పాపం.

ఇలా ఎందుకు జరుగుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. జనాన్ని మోసగించే ముఠాలకు పేర్లు ఒకటీ రెండూ కాదు, వందలు వేలు కావాలి. బ్యాంకు పేరుతో, కొరియరు పేరుతో దొంగ పేజీ పెడతారు. రెండు మూడు రోజుల్లో ఎవరో పట్టుకుని మూయిస్తారు. వాళ్ళు మరో పేరు ఎత్తుకుంటారు. నాలుగు రోజుల్లో పారేసే పేరుకు ఎవడైనా ఎక్కువ పెడతాడా? ఎక్కడ చవకో, ఎక్కడ ఎవరూ ఏమీ అడగరో అక్కడికే పోతారు. ఇక మన మెయిళ్ళను వడపోసే యంత్రాలున్నాయే, అవి ఉత్తరంలో ఏం రాశామన్నదే చూడవు. ఏ పేటనుంచి వచ్చిందీ చూస్తాయి. ఒక తోక కింద దొంగలు ఎక్కువగా చేరితే ఆ తోకతో వచ్చే ప్రతి ఉత్తరాన్నీ అనుమానించడం మొదలుపెడతాయి. స్పామ్‌హౌస్ వంటి సంస్థలు ఏ తోక కింద ఎంత చెడు జరుగుతోందో లెక్కకట్టి బయటపెడుతుంటాయి కూడా. అద్దె తక్కువని ఒక వాటాలో దిగామనుకోండి. పక్కవాటాలో పేకాట, రోజూ పోలీసులు. మనం ఎంత పద్ధతిగా ఉన్నా పాలవాడు కూడా మనకు ఖాతా పెట్టడు. పిన్నిగారి మాగాయకు అదే గతి పట్టింది.

చవకను మించి ఉచితం కథ ఇంకా చోద్యం. పసిఫిక్ మహాసముద్రంలో టోకెలావ్ అని న్యూజీలండ్ కింద చిన్న దీవులున్నాయి. జనాభా పదిహేను వందల లెక్కన ఉంటుంది, మన అమీర్‌పేటలో ఒక సందులో హాస్టళ్ళన్నీ కలిపితే అంతకు ఎక్కువే ఉంటారు. అయినా ఒకప్పుడు దేశాల తోకలన్నిటిలోకీ వాళ్ళ డాట్ టీకే ప్రపంచంలో మొదటి వరుసలో ఉండేది, కారణం ఉచితంగా ఇవ్వడమే. ఫ్రీనామ్ అనే సంస్థ దాన్నీ, గాబన్, మాలీ వంటి ఆఫ్రికా దేశాల తోకలనూ ఉచితంగా పంచిపెట్టింది. మోసగాళ్ళు మిడతల్లా వాలారు. ఫేస్‌బుక్ వారి మెటా సంస్థ ఫ్రీనామ్ మీద దావా వేసిన సంగతి 2023లో బయటికొచ్చింది. ఆ ఏడాదే కొత్త పేర్లివ్వడం ఆగిపోయింది. గాబన్ దేశం తన తోకను తాను వెనక్కి తీసుకుంది, లక్షలకొద్దీ పేర్లు తుడిచిపెట్టుకుపోయాయి. 2024లో ఫ్రీనామ్ ఈ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానంది. ఆ పేర్లలో దొంగవి ఎక్కువే కావచ్చు. కానీ ఎక్కడో ఒక కుట్టుమిషను సెంటరుదో, ట్యూషను చెప్పే పంతులమ్మదో కూడా ఉండి ఉంటుంది కదా.

పిన్నిగారి మూడో ఇబ్బంది వింటే నవ్వొస్తుంది. ఒకచోట ఫారం నింపుతూ తన మెయిలు అడ్రసు రాస్తే "ఇది చెల్లదు" అని ఎర్రక్షరాలు వచ్చాయి. నాలుగుసార్లు రాశారు, నాలుగుసార్లూ అదే. పాత ప్రోగ్రాములు కొన్నింటిలో చుక్క తరువాత రెండు నుంచి నాలుగక్షరాలే ఉండాలని ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. కామ్, ఆర్గ్, ఇన్ అయితే ఒప్పుకుంటుంది. ఆరేడు అక్షరాల తోకను చూస్తే తప్పంటుంది. 2001లోనే డాట్ మ్యూజియం అని ఆరక్షరాల తోక వచ్చింది, అయినా ఆ రాత మార్చినవాళ్ళు కొందరే. మన తెలుగు లిపిలో డాట్ భారత్ అనే తోకకు 2011లోనే చోటు దొరికింది. నాకు భలే ఇష్టం, చూడముచ్చటగా ఉంటుంది. కానీ దానికీ ఇదే చిక్కు. అది రెండో పేరుగా ఉంచుకోండి, వ్యాపారమంతా దానిమీదే పెట్టకండి.

ఇక అసలు సంగతి. ఏడాది తిరిగేసరికి రెండో ఏడు కట్టమని కబురు వచ్చింది. తొంభై తొమ్మిది కాదు, మూడువేల చిల్లర! పిన్నిగారికి గుండె ఆగినంత పనయింది. వదిలేద్దామంటే అప్పటికే సీసాల లేబుళ్ళ మీద, సంచుల మీద, స్కూటరు వెనక కూడా ఆ పేరే. అమ్మినవాడికి తెలుసు, ఏడాదిలో మనం దాన్ని అన్నిచోట్లా అచ్చు వేయించుకుంటామని. మొదటి ఏడు తగ్గించేది ఆ ధైర్యంతోనే.

కొత్త తోకలకు ధర ఇంతకు మించకూడదన్న కట్టుబాటు లేదు. డాట్ కామ్ టోకు ధర ఎంతవరకు పెంచవచ్చో ఒప్పందంలో ఉంటుంది. కొత్తవాటిలో తోక సొంతదారు ఆరు నెలల ముందు చెబితే చాలు, ఎంతైనా పెంచుకోవచ్చు. 2017లో యూనీరిజిస్ట్రీ అనే సంస్థ అలాగే చేసింది. ఇరవై డాలర్ల చొప్పున ఉన్న డాట్ హోస్టింగ్ వంటి తోకలు మూడువందల డాలర్లకు పోయాయి. అయితే ఒక వెసులుబాటు ఉంది, గుర్తుపెట్టుకోండి. పెంపు అమలులోకి వచ్చేలోగా పాత ధరకే పదేళ్ళవరకూ ముందుగా కట్టుకోవచ్చు. తోక సొంతదారే చేతులెత్తేయడం కూడా జరిగింది. పెళ్ళిళ్ళవారి కోసం పుట్టిన డాట్ వెడ్ అనే తోకను నడిపే సంస్థ నడపలేకపోతే, 2017 డిసెంబరులో అత్యవసర ఏర్పాటు కింద ఇంకొకరికి అప్పగించవలసి వచ్చింది. పెళ్ళి తోకకే ఆ కష్టం!

మరి గూగుల్ తల్లి సంస్థ ఆల్ఫబెట్ 2015లో డాట్ ఎక్స్‌వైజెడ్ తీసుకుంది కదా అని మా అక్కగారి అబ్బాయి వాదించాడు. తీసుకుంది నిజమే. వాళ్ళ ఉత్తరం చెత్త అరలో పడితే ప్రపంచం వెతుక్కుని మరీ చదువుతుంది. పిన్నిగారి ఉత్తరం ఎవరు వెతుకుతారు?

ఈ తోక విలువేమిటో మన పక్కనే ఒక మంచి ఉదాహరణ ఉంది. లక్డీకాపూల్ నుంచి మాసబ్‌ట్యాంకు వైపు పోతే క్యాజిల్ హిల్స్‌లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఉంది. బ్యాంకుల పేరుతో మోసాలు పెరిగిపోయాయని 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన చేసింది. మన దేశంలో బ్యాంకులకు ప్రత్యేకంగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే తోక ఉంటుందని, పేర్లిచ్చే పని ఈ ఐడీఆర్‌బీటీ ఒక్కదానిదేనని. 2025 అక్టోబరు 31 లోగా అందరూ మారాలని బ్యాంకులకు ఆదేశం కూడా వెళ్ళింది. ఇక్కడ పేరు కావాలంటే డబ్బు కడితే చాలదు, బ్యాంకు అయి ఉండాలి. గుమ్మంలో అడిగేవాడు ఉన్నాడు కనుకనే ఆ తోకకు మర్యాద.

కొనేవాళ్ళుగా మనకూ దీంతో పని ఉంది. అడ్రసు చదివేటప్పుడు మొదటి మాట చూసి నమ్మకండి, మొదటి ఒంటి గీత దాకా వెళ్ళి, దానికి ముందున్న ఆఖరి ముక్క చూడండి. ముందు బ్యాంకు పేరు, తరువాత డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని కూడా రాసి, దాని వెనక మళ్ళీ ఇంకో చుక్క, ఇంకో తోక ఉన్నాయనుకోండి, ఆ ఆఖరి తోకే నిజమైనది. ముందున్నదంతా వేషం.

పిన్నిగారు చివరకు ఏం చేశారో చెప్పాలి కదా. డాట్ ఇన్ కింద పేరు తీసుకున్నారు. 2005లో అందరికీ తలుపులు తెరిచినప్పటినుంచి దాన్ని నిక్సీ అనే మన దేశ సంస్థ చూస్తోంది. ఏడాదికి వెయ్యిలోపే అయింది. ఈసారి రెండో ఏటి ధర ఎంతో ముందే అడిగి, అయిదేళ్ళకు ఒకేసారి కట్టేశారు. పేరు తన పేరుమీద, తన ఫోను నంబరుతో, తన మెయిలుతోనే రాయించారు. మొదటిసారి అన్నీ ఆ అబ్బాయి పేరున ఉన్నాయి. వాడు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళాక గడువు హెచ్చరికలు వాడు తెరవని మెయిలుకు పోయేవి. మీలో ఎవరిదైనా ఇలా పిల్లల పేరుమీద ఉంటే ఈ వారమే మార్పించుకోండి.

పాత పేరును మాత్రం వెంటనే వదలలేదు. మూడువేలు పళ్ళబిగువున కట్టి ఇంకో ఏడాది ఉంచి, దాన్ని తడితే కొత్తదానికి వెళ్ళేట్టు ఏర్పాటు చేయించారు. వదిలేసిన పేరును ఇంకెవరో పట్టుకుని అక్కడ ఏమైనా పెట్టవచ్చు, మన లేబుళ్ళు చూసినవాళ్ళు అక్కడికే పోతారు. అందుకని ఆ ఖర్చు తప్పలేదు.

పాత లేబుళ్ళు ఇంకా రెండు కట్టలు మిగిలాయి. వాటి వెనకవైపు పిన్నిగారు సరుకుల చీటీలు రాసుకుంటున్నారు.