కొండెక్కే బండికి కందెన

మా తాతల కాలములో ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకుండా ఎవరూ కొండదారి పట్టేవారు కాదు. మరచిపోతే ఇరుసే కిర్రుమని ఊరంతటికీ చెప్పేది. ఇప్పటి కారు అలా చెప్పదు. లోపల నూనె మాడిపోతున్నా చాలాకాలము నోరు విప్పదు. ఈ సంగతి మేము మా సంఘపు కారు వలన నేర్చుకున్నాము.

హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్న సహోదరుడొకరు తాము వాడుకున్న ఆటోమేటిక్ గేర్ల కారును పరిచర్య నిమిత్తము సంఘానికి ఇచ్చారు. క్లచ్చి తొక్కే పని లేదు గనుక మోకాళ్ళ నొప్పులున్న మా అయ్యగారు ఎంతో సంతోషించారు. నర్సీపట్నం నుండి డౌనూరు ఘాట్ మీదుగా లంబసింగి, చింతపల్లి వైపు కూడికలకు అదే బండి. 2022లో జిల్లాలు వేరై మనది అనకాపల్లి, వారిది అల్లూరి సీతారామరాజు జిల్లా అయినది గాని, ఘాట్ ఏమీ చదును కాలేదు! సుమారు 1000 మీటర్ల ఎత్తుకు ఐదుగురితో, డోలకుతో, హార్మోనియముతో ఎక్కాలి.

ఒక వర్షాకాలపు రాత్రి, నొప్పులు పడుతున్న ఒక చెల్లెలిని ఆసుపత్రికి తీసుకురావడానికి పైకి వెళ్తుండగా మలుపులో ఇంజను హోరెత్తింది, బండి మాత్రము ముందుకు సాగలేదు. మాడిన వాసన వచ్చింది. చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, అరగంట చల్లారనిచ్చి, ప్రార్థించుకొని మెల్లగా ఎక్కాము. దేవుని కృపను బట్టి తల్లీ బిడ్డా క్షేమము. కాని ఆ అరగంట మాకు మరపురాదు.

మామూలు గేరుపెట్టెలో నూనె పళ్ళు అరగకుండా కాపాడుతుంది. మా కారువంటి ఆటోమేటిక్‌లో ఇంజను బలాన్ని అందించేదే నూనె. టార్క్ కన్వర్టర్ అనే గుండ్రని డొక్కులో ఒక రెక్కల చక్రము నూనెను విసురుతుంది. ఆ ఊపుకు ఎదుటి చక్రము తిరుగుతుంది. ఆ నూనె ఒత్తిడే లోపలి క్లచ్చి పలకలను నొక్కి గేర్లు మారుస్తుంది. ఘాట్‌లో బరువుతో నెమ్మదిగా ఎక్కేటప్పుడు వేడి బాగా పుట్టి నూనె త్వరగా చెడుతుంది. 1970ల ఆరంభము వరకు అమెరికాలో ఈ నూనెలో తిమింగలపు నూనె కలిపేవారు. యోనా కథ విన్న మా ఆదివారపు బడి పిల్లలకు ఇది చెబితే నమ్మలేదు.

ఆటోమేటిక్ అన్న పేరున్నవన్నీ ఒకటి కావు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశములో మొదలైన ఏ.ఎం.టి.లో ఉన్నది మామూలు గేరుపెట్టే. దాని నూనె వేరు, క్లచ్చిని నడిపే హైడ్రాలిక్ నూనె వేరు. సి.వి.టి.లో రెండు కప్పీల నడుమ ఉక్కు బెల్టు తిరుగుతుంది. దాని నూనె మరొకటి. ఒకదానిది మరొకదానిలో పోస్తే గేరుపెట్టె పాడవుతుంది. కారుతో వచ్చిన పుస్తకములో ఏ నూనె వ్రాసి ఉంటే అదే కొనాలి, దుకాణదారు ఏమి చెప్పినా సరే.

మా కారుకు నూనె కొలపుల్ల ఉన్నది గనుక పాస్టరుగారి ఇంటి ఆవరణలోనే పనికి పూనుకున్నాము. కొలపుల్ల లేని అనేక కార్లలో మట్టాన్ని నిర్ణీతమైన వేడి దగ్గర చూడాలి. అది గ్యారేజీకి విడవడమే మంచిది. చదును నేల మీద కారును ఎత్తి జాకీ స్టాండ్లపై నిలిపాము. జాకీని మాత్రమే నమ్మి, లేదా ఇటుకలు పేర్చి బండి క్రింద దూరవద్దని యౌవనస్థులకు మరీ మరీ చెబుతున్నాము. ఇటుక పగలడానికి క్షణము చాలు.

మేము ఆత్రముగా క్రింది బిరడాకు పానా తగిలించబోగా, ఒకప్పుడు లారీల మెకానిక్కుగా పనిచేసిన మా సంఘపెద్ద చేయి పట్టుకున్నారు. “ముందు పైన నూనె పోసే బిరడా వస్తుందో రాదో చూడండయ్యా. అది రాకపోతే ఖాళీ పెట్టెతో కూర్చుంటారు” అన్నారు. నిజమే, అది బిగుసుకుపోయి గంటసేపు వేధించింది.

క్రొత్త నూనె దానిమ్మరసమువలె ఎర్రగా ఉండగా, మా పెట్టెలోనుండి కారినది కాఫీ డికాక్షనే. బిరడాకున్న అయస్కాంతమునకు బూడిదరంగు ముద్ద అంటుకొని ఉంది. అది మామూలే, ఇనుప ముక్కలు ఉంటేనే భయపడాలని పెద్దాయన చెప్పారు. కారినదంతా లీటరు నీళ్ళ సీసాలలో పోసి కొలిస్తే రెండున్నర వచ్చింది. అంతే క్రొత్తది పోసి, బిరడాకు క్రొత్త వాషరు వేసి, బ్రేకు తొక్కి గేర్లన్నీ ఒకసారి మార్చి, పుస్తకములో చెప్పినట్లు మట్టము చూస్తే ఇంకా తక్కువే ఉంది. ఎన్నాళ్ళుగా తక్కువతో నడిపామో! మరికొంచెము పోశాము. ఎక్కువైనా నురగ వచ్చి చెడుపే. సగానికి పైగా పాత నూనె కన్వర్టర్‌లోనే మిగిలిపోతుంది గనుక కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరి రెండుసార్లు ఇలాగే మార్చాము. పలకలు పూర్తిగా అరిగిన బండిని మాత్రము క్రొత్త నూనె బాగుచేయలేదు. మాది అంతవరకు రాలేదు.

పాత నూనెను చెదలకని గుంజలకు పూయడము మనవైపు అలవాటు. కాలువలో పోస్తే వరాహ నదికి చేరుతుంది. మేము మూత బిగించిన డబ్బాలలో, పాత ఆయిలు సేకరించే గ్యారేజీకి ఇచ్చాము.

ఆ రాత్రి కారు క్రింద ఒక అట్టముక్క పరిచాము. తెల్లవారి చూస్తే దానిపై ఎర్రని చుక్క ఒకటి! పెద్దాయన బిరడాను మరికొంచెము బిగించారు. మరునాడు అట్ట పొడిగా ఉంది. ఆ శనివారమే డోలకు, హార్మోనియము మరల బండెక్కాయి.