అఫర్డబుల్ కేర్ చట్టం - బీమా సంస్థల నష్టాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2010 మార్చి 23న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకంతో అమలులోకి వచ్చిన ఆరోగ్య సంస్కరణల చట్టం అఫర్డబుల్ కేర్ చట్టం. వాడుకలో దీనిని ఒబామాకేర్ అంటారు. ఈ చట్టం కింద ఏర్పడిన బీమా విపణులలో 2014 నుండి 2016 వరకు పాలసీలు అమ్మిన సంస్థలలో అనేకం భారీగా నష్టపోయాయి. కొన్ని చిన్న సంస్థలు మూతపడగా కొన్ని పెద్ద సంస్థలు విపణి నుండి వైదొలగాయి. నష్టంలో కొంత భాగాన్ని భరిస్తానని చట్టంలో చెప్పిన ప్రభుత్వం ఆ సొమ్ము చెల్లించకపోవడంతో మొదలైన వ్యాజ్యం 2020లో సుప్రీం కోర్టు తీర్పు వరకు సాగింది.

నేపథ్యం

అమెరికాలో పని వయసు వారిలో ఎక్కువమందికి ఉద్యోగమిచ్చిన సంస్థ ద్వారా, 65 ఏళ్ళు దాటినవారికి మెడికేర్ ద్వారా బీమా లభిస్తుంది. ఈ రెండూ లేక సొంతంగా పాలసీ కొనుక్కునేవారి సంఖ్య తక్కువ. ఇక్కడ చెప్పే నష్టాలు ఈ వ్యక్తిగత విపణికి సంబంధించినవి మాత్రమే. ఆ సంవత్సరాలలోనే ఇవే పెద్ద సంస్థలు తమ ఇతర వ్యాపారాలలో లాభాలు గడించాయి. ఈ తేడాను గమనించకుండా సంస్కరణ వల్ల బీమా రంగమంతా దివాలా తీసిందనడం సరికాదు.

చట్టానికి ముందు చాలా రాష్ట్రాలలో మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులు ఉన్నవారికి పాలసీ నిరాకరించే వీలు సంస్థలకు ఉండేది. 2014 జనవరి 1 నుండి ఆ వీలు పోయింది. దరఖాస్తు చేసిన ప్రతివారికీ పాలసీ ఇవ్వాలి. జబ్బును బట్టి ప్రీమియం పెంచకూడదు. వృద్ధుల ప్రీమియం యువకుల ప్రీమియానికి మూడు రెట్లు మించకూడదు. సంస్థలకు ఎదురైన చిక్కంతా ఇక్కడే ఉంది. జబ్బు వచ్చాక కూడా అదే ధరకు పాలసీ దొరుకుతున్నప్పుడు ఆరోగ్యవంతుడు ముందుగా కొనడానికి తొందరపడడు. కొనేవారిలో రోగుల నిష్పత్తి పెరుగుతుంది, దానితో ప్రీమియం పెరుగుతుంది, పెరిగిన ప్రీమియం చూసి మిగిలిన ఆరోగ్యవంతులు తప్పుకుంటారు. ఆర్థిక శాస్త్రంలో దీనిని ప్రతికూల ఎంపిక అంటారు.

దీనికి విరుగుడుగా బీమా లేనివారిపై చట్టం జరిమానా విధించింది. అయితే 2014లో అది 95 డాలర్లు లేదా ఆదాయంలో 1 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఏడాది ప్రీమియంతో పోలిస్తే ఇది చాలామందికి స్వల్పమే.

నష్టాలకు కారణాలు

కొత్తగా వచ్చే పాలసీదారుల వైద్య ఖర్చు ఎంత ఉంటుందో అంచనా వేయడానికి సంస్థల వద్ద పాత లెక్కలు లేవు. ఖాతాదారులను ఆకర్షించాలన్న పోటీలో చాలా సంస్థలు ధరలను తక్కువగా నిర్ణయించాయి. ఈ తప్పు సంస్థలదే. దీనికి తోడు 2013 చివరలో పాత పాలసీలు రద్దవుతున్నాయని ప్రజలలో ఆగ్రహం వ్యక్తం కావడంతో, రాష్ట్రాలు అంగీకరిస్తే వాటిని కొనసాగించవచ్చని ఒబామా ప్రభుత్వం నవంబరులో ప్రకటించింది. పాత పాలసీలు ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యవంతులు. వారు కొత్త విపణిలోకి వస్తారన్న లెక్కతో అప్పటికే ధరలు ఖరారయ్యాయి, కానీ వారిలో చాలామంది రాలేదు. నమోదు గడువు ముగిశాక ప్రత్యేక కారణాలు చూపి చేరి, చికిత్స పూర్తికాగానే ప్రీమియం మానేసేవారి వల్ల కూడా నష్టం వచ్చిందని సంస్థలు ఆరోపించాయి.

నష్ట విభజన పథకం

మొదటి మూడేళ్ళు అనిశ్చితంగా ఉంటాయని చట్టం రాసినవారికి తెలుసు. అందుకే రిస్క్ కారిడార్ అనే తాత్కాలిక పథకాన్ని పెట్టారు. సంస్థ ఖర్చు లక్ష్యాన్ని 3 శాతానికి మించి దాటితే, 8 శాతం వరకు ఉన్న అదనపు ఖర్చులో సగాన్ని, ఆపై ఖర్చులో 80 శాతాన్ని ప్రభుత్వం భరిస్తుంది. ఉదాహరణకు లక్ష్యం 100 డాలర్లు, అయిన ఖర్చు 112 డాలర్లు అనుకుంటే ప్రభుత్వం ఇవ్వవలసినది 5.70 డాలర్లు, సంస్థ భరించేది 6.30 డాలర్లు. ఇదే నిష్పత్తిలో లాభపడ్డ సంస్థలు ప్రభుత్వానికి చెల్లించాలి.

అయితే ఇది బీమా కంపెనీలకు ప్రజాధనం దోచిపెట్టడమేనని రిపబ్లికన్ పార్టీ సభ్యులు విమర్శించారు. 2014 డిసెంబరులో ఆమోదించిన వ్యయ బిల్లులో, ఈ చెల్లింపులకు ఇతర పద్దుల నుండి నిధులు వాడరాదన్న షరతు చేరింది. ఫలితంగా లాభపడ్డ సంస్థల నుండి వచ్చిన సొమ్మే నష్టపోయినవారికి ఆధారమైంది. 2014 సంవత్సరానికి సంస్థలు సుమారు 287 కోట్ల డాలర్లు కోరగా, వసూలైనది 36.2 కోట్లే. 2015 అక్టోబరు 1న ప్రభుత్వం ప్రకటించిన చెల్లింపు డాలరుకు 12.6 సెంట్లు.

పరిణామాలు

ఈ దెబ్బ అందరికన్నా ఎక్కువగా తగిలినది సహకార బీమా సంస్థలకు. పెద్ద కంపెనీలకు పోటీగా చట్టం కిందనే, సుమారు 240 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణాలతో ఇటువంటివి 23 ఏర్పడ్డాయి. వీటికి పాత నిల్వలు గాని, నష్టాన్ని సర్దుకోవడానికి వేరే వ్యాపారం గాని లేవు. రావలసిన సొమ్మును ఆస్తిగా లెక్కవేసుకున్నవి అది రాదని తేలగానే నిలవలేకపోయాయి. 2015 ముగిసేసరికి 12 సంస్థలు మూతపడడమో, మూసివేత ఖరారు కావడమో జరిగింది. వాటి పాలసీదారులు కొత్త బీమాను, తరచుగా కొత్త వైద్యులను కూడా వెతుక్కోవలసి వచ్చింది.

యునైటెడ్ హెల్త్ గ్రూప్ ఈ విపణులలో 2015లో 47.5 కోట్ల డాలర్లు నష్టపోయి, 34 రాష్ట్రాలలో చాలావాటి నుండి తప్పుకుంటున్నట్లు 2016 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఎట్నా సంస్థ 2014 నుండి 43 కోట్ల డాలర్ల నష్టాన్ని చూపి, 15 రాష్ట్రాలలో 11 నుండి వైదొలగింది. ఎట్నా విషయంలో నష్టమొక్కటే కారణం కాదు. హ్యుమానాతో దాని విలీనాన్ని ప్రభుత్వం కోర్టులో అడ్డుకున్న కొద్ది వారాలకే ఈ ప్రకటన వెలువడింది. ఆ కేసులో తనకు అనుకూలత కోసమే కొన్ని కౌంటీల నుండి తప్పుకుందని 2017 జనవరిలో న్యాయమూర్తి జాన్ బేట్స్ తేల్చారు. అరిజోనాలోని పినాల్ కౌంటీలో 2017కు ఒక్క సంస్థ కూడా మిగలని స్థితి ఏర్పడి, 2016 సెప్టెంబరులో బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ ముందుకు రావడంతో తప్పింది.

మిగిలిన సంస్థలు ధరలు పెంచాయి. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటును వాడే రాష్ట్రాలలో 2017కు ప్రామాణిక పాలసీ ప్రీమియం సగటున 25 శాతం పెరిగింది. రాయితీ పొందేవారికి ఈ భారం పెద్దగా తెలియలేదు. దారిద్ర్య రేఖకు నాలుగు రెట్లు మించిన ఆదాయంతో రాయితీ అందని చిన్న వ్యాపారులు, స్వయం ఉపాధి పొందేవారు మాత్రం పూర్తి మొత్తం చెల్లించవలసి వచ్చింది.

న్యాయ వివాదం

ఆరెగాన్‌కు చెందిన మోడా హెల్త్, మెయిన్ రాష్ట్రపు సహకార సంస్థ మొదలైనవి ప్రభుత్వంపై దావా వేశాయి. ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 2018లో ప్రభుత్వం వైపు నిలిచినా, 2020 ఏప్రిల్ 27న సుప్రీం కోర్టు 8-1 మెజారిటీతో సంస్థలకు అనుకూలంగా తీర్పు చెప్పింది. చట్టం స్పష్టంగా చెల్లిస్తానన్న సొమ్మును, నిధులు కేటాయించనంత మాత్రాన ఎగవేయడం చెల్లదని జస్టిస్ సోనియా సోటోమేయర్ రాశారు. జస్టిస్ శామ్యూల్ అలిటో విభేదించారు. మూడేళ్ళ బకాయి సుమారు 1,200 కోట్ల డాలర్లు. అప్పటికే మూతపడ్డ సహకార సంస్థలను ఈ తీర్పు తిరిగి తెరిపించలేకపోయింది.

తరువాతి కాలం

అన్ని సంస్థలూ నష్టపోలేదు. పేదల పథకమైన మెడికెయిడ్‌లో అనుభవం గడించిన సెంటీన్ సంస్థ, తక్కువ ఆసుపత్రులతో ఒప్పందాలు చేసుకుని, ఖర్చు అదుపులో ఉంచి మొదటి ఏళ్ళలోనే లాభపడింది. ధరలు పెరిగాక 2018 నుండి విపణి మొత్తం మీద లాభాల బాట పట్టింది. ప్రీమియంలో కనీసం 80 శాతం వైద్యానికే ఖర్చు చేయాలన్న నిబంధన వల్ల 2020లో అన్ని రకాల పాలసీలూ కలిపి సుమారు 250 కోట్ల డాలర్లు సంస్థలు తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

పాలసీదారులలో రోగుల నిష్పత్తి తాను అంచనా వేసినదానికన్నా ఎక్కువని తేలడంతో 2025 జూలైలో సెంటీన్ ఆ ఏటి లాభాల అంచనాను ఉపసంహరించుకుంది. 2022లో తిరిగి ప్రవేశించిన ఎట్నా 2026 నుండి మళ్ళీ తప్పుకుంటుందని దాని మాతృసంస్థ సి.వి.ఎస్. హెల్త్ 2025 మేలో ప్రకటించింది.