యిర్కల ఫలకములు, నాబోతు ద్రాక్షతోట: ఆదివాసి సంస్కృతి పట్ల సంఘము వైఖరి

ఉత్తర ఆస్ట్రేలియాలోని యిర్కలలో 1963లో మెథడిస్టు మిషను దేవాలయమందు బలిపీఠమునకు ఇరువైపులా రెండు ఎత్తయిన చిత్రఫలకములు నిలిపారు. యోల్ంగు ప్రజలలోని దువా, యిరిచా అను రెండు శాఖల పెద్దలు తమ పూర్వికుల కథలను వాటిపై చిత్రించారు. ఏ వంశపు గుర్తులపై హక్కు ఆ వంశమునకే చెందును. అనుమతి లేకుండా ఇతరులు వాటిని వేయరాదు. ఆ గీతలు వారికి భూమి పట్టాల వంటివి. అదే సంవత్సరము బాక్సైటు గనుల కొరకు తమ నేలలో భాగము కేటాయించబడినప్పుడు, చెట్టుబెరడుపై చిత్రములతో కూడిన మహజరును పార్లమెంటుకు పంపారు.

1970లలో సంఘమే ఆ ఫలకములను తొలగించి పారవేసింది. 1978లో స్థానిక కళాకేంద్రము వాటిని కాపాడింది. స్థానిక సంస్కృతికి ఆరాధనలో చోటు లేదనుట ఒక తప్పు. నేడు మనకు ఎదురయ్యే శోధన దీనికి వ్యతిరేకమైనది: అందముగా ఉన్నది గనుక తీసుకొనుట.

యిర్కలకే చెందిన ఒక చిత్రకారిణి గీసిన పవిత్ర నీటిమడుగు చిత్రమును అనుమతి లేకుండా వియత్నాములో తివాచీలపై నేయించి ఆస్ట్రేలియాలో అమ్మారు. (ఆమె తండ్రి ఆ ఫలకములను చిత్రించినవారిలో ఒకరు. మృతుల పేర్ల విషయములో అక్కడివారు పాటించే మర్యాదను బట్టి పేర్లు వ్రాయుట లేదు.) 1994లో ఫెడరల్ కోర్టు చిత్రకారుల పక్షముగా తీర్పునిచ్చి, వారి సంస్కృతికి కలిగిన హానిని కూడా లెక్కలోకి తీసుకొని నష్టపరిహారము విధించింది. పవిత్రమైనది కాళ్ళ క్రింద పడింది. అంతేకాదు, గుర్తును కాపాడలేదని వంశము యెదుట జవాబు చెప్పవలసినది చిత్రకారుడే.

ముందుగానే వెల చెల్లిస్తే సరిపోదా అని అడుగవచ్చును. 1 రాజులు 21వ అధ్యాయమును శ్రద్ధగా చదువుదాము. అహాబు మొదట దొంగిలించలేదు. వెల ఇస్తానన్నాడు, ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు. నాబోతు మాత్రము పితరుల స్వాస్థ్యమని నిరాకరించాడు. ఆ నిరాకరణను రాజు సహించలేకపోయాడు. అడుగుటకు ముందే "వద్దు" అను జవాబుకు సిద్ధపడనివాడు నిజముగా అడుగలేదని మా అభిప్రాయము.

ఆస్ట్రేలియాలో తెలుగు సంఘములను నడిపించే కాపరులకు ఇది దినదిన సమస్యయే. ఆదివాసి చిత్రకారుడు అమ్మకానికి వేసిన చిత్రమును కొని, అతని పేరు, ప్రజ తెలిపి మందిరములో పెట్టుట గౌరవము. చుక్కల చిత్రమును అనుకరించి క్రిస్మస్ బ్యానరు వేయించుట గౌరవము కాదు. పైగా ఆ చుక్కల శైలి మధ్య ఎడారి ప్రాంతపుది. యిర్కలవారిది సన్నని అడ్డగీతల శైలి. ఆరాధన ఆరంభములో ఆ నేల యొక్క ప్రజలను పేర్కొని గౌరవించుట మనము చేయవచ్చును. ఆ నేలకు స్వాగతము పలుకుట మాత్రము వారి పెద్దలదే. వారిని పిలువదలచిన సంఘము ముందుగా వెళ్ళి అడుగవలెను, వారి సమయమునకు తగిన పారితోషికము ఇవ్వవలెను.