సూదికో ఆజ్ఞ.. తెరపై అల్లిక
కంప్యూటర్‌ యంత్రాలొచ్చినా తొలి పాఠం చేతి సూదులతోనే

ఝరాసంగం: చలికాలం వచ్చిందంటే జహీరాబాద్‌ ప్రాంత పల్లెల్లో గొంగడి, స్వెటర్‌ రెండూ బయటకు వస్తాయి. రెండూ చలిని ఆపేవే అయినా వాటి పుట్టుక వేరు. గొంగడిని మగ్గంపై పడుగు, పేకలతో నేస్తారు. స్వెటర్‌కు పడుగు ఉండదు. దారం లూపులోంచి లూపుగా సాగి గుడ్డగా మారుతుంది. అందుకే అది సాగుతుంది. ఒక్క లూపు తెగితే నిలువునా జారిపోతుంది కూడా. వస్త్ర రూపకల్పన చదవదలచిన విద్యార్థి ముందుగా గ్రహించవలసిన తేడా ఇదే.

అల్లికకు యంత్రం కొత్త కాదు. ఇంగ్లండ్‌కు చెందిన విలియం లీ 1589లోనే మేజోళ్లు అల్లే యంత్రాన్ని రూపొందించారు. నేటి యంత్రంలో మారినది సూదులకు ఆజ్ఞ ఇచ్చే పద్ధతి. ఇంటి పైకప్పు వాలుల్లా అమర్చిన రెండు వరుసల్లో వందలాది సూదులు ఉంటాయి. వాటి మీదుగా క్యారేజ్‌ అటూ ఇటూ సాగుతుంది. అది దాటిన ప్రతిసారీ ఒక్కో సూది కొత్త లూపు వేయాలా, పాతదాన్ని వదలకుండా దారాన్ని పట్టి ఉంచాలా, ఊరుకోవాలా అన్నది కంప్యూటర్‌ నిర్ణయిస్తుంది. లూపును ఎదుటి వరుసకు మార్చే ఏర్పాటూ ఉంది.

విద్యార్థి తెరపై గళ్లలో రంగులు నింపుతాడు. ఒక్కో గడి ఒక్కో లూపు, ఒక్కో రంగు ఒక్కో ఆజ్ఞ. గుడ్డ ఎలా ఉంటుందో అల్లకముందే తెరపై చూసుకోవచ్చు. జపాన్‌ సంస్థ షిమా సెయికి 1995లో కుట్టు అవసరం లేకుండా దుస్తును మొత్తంగా అల్లే యంత్రాన్ని ప్రదర్శించింది. కత్తిరింపు లేకపోతే ముక్కల వృథా కూడా ఉండదు.

అయితే తెరపై బొమ్మను నమ్ముకుంటే చిక్కే. సాదా అల్లికలో లూపు ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. మామూలు చదరపు గళ్లలో గుండ్రంగా గీసిన పువ్వు గుడ్డపై నొక్కినట్లు చదునుగా వస్తుంది. దారం లావు, బిగువు మారితే కొలతలూ మారతాయి. ఉతికాక గుడ్డ కుదించుకుపోవచ్చు. అందుకే చిన్న నమూనా అల్లి, ఉతికి, కొలిచిన తర్వాతే అసలు పని మొదలుపెట్టాలి. రెండు సూదులతో చేతి అల్లిక నేర్చినవారికి ఈ తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తుంది. మౌస్‌ ఒక్కటే పట్టినవారికి తెలియదు.

లక్షల రూపాయల ఈ యంత్రం పల్లెకు అందేది కాదు. జహీరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌ మాదాపూర్‌లోని నిఫ్ట్‌లో నిట్‌వేర్‌ డిజైన్‌, టెక్స్‌టైల్‌ డిజైన్‌ కోర్సులు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థే అయినా ఫీజు తక్కువేమీ కాదు. నాలుగేళ్ల బి.డిజైన్‌ కోర్సుకు ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఎంపీసీ, బైపీసీలు తప్ప మరో దారి లేదనుకునే ఇళ్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువే. పరీక్షలో సృజన సామర్థ్యాన్ని ప్రత్యేకంగా చూస్తారు. దానికి సన్నద్ధం కావడానికి పెన్సిలు, గళ్ల కాగితం, రెండు సూదులు, ఒక ఉన్ని దారపు ఉండ చాలు.