భూమి కొనేముందు కోర్టు రికార్డు



విత్తనం కొనేటప్పుడు మొలకశాతం అడుగుతాం. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాం. మరి భూమి కొనేటప్పుడు?

మా మండలంలో ఒక రైతు రెండెకరాల మెట్ట కొన్నాడు. ఇ.సి. తీయించాడు, పాసుపుస్తకం చూశాడు. బోరు వేసి నిమ్మమొక్కలు నాటాక తెలిసింది, ఆ భూమిమీద అన్నదమ్ముల భాగపంపిణీ దావా ముందునుంచే నడుస్తున్నదని. "ఇ.సి.లో లేదు కదండీ!" అన్నాడు నాతో. దావా సంగతి ఇ.సి.లో కనిపించకపోవచ్చు. అయినా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను ప్రకారం, దావా నడుస్తుండగా కొన్నవారు ఆ తీర్పుకు కట్టుబడవలసిందే. తెలియదంటే చెల్లదు.

కోర్టులో ఏమున్నదో చూసుకోవడం కష్టమేమీ కాదు. భూమి ఎక్కడుంటే దావా ఆ ప్రాంతపు సివిలు కోర్టులోనే వేస్తారు. విలువ తక్కువైతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, పాతవాళ్ళ మాటలో మున్సిఫ్ కోర్టు. విలువ పెరిగితే సీనియర్ సివిల్ జడ్జి కోర్టు, ఆపైన జిల్లా కోర్టు. ప్రతి దావాకూ నంబరు, సంవత్సరం ఉంటాయి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరు, సంవత్సరం కొట్టి వెతికితే దావా ఏ దశలో ఉన్నదో, వాయిదా ఎప్పుడో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. అమ్మేవారి పేరే కాదు, వారి తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్లతోనూ వెతకండి. ఇంగ్లీషులో ఒకే పేరును రకరకాలుగా రాస్తారు. రెండు మూడు విధాలు ప్రయత్నించండి. కనిపించనంత మాత్రాన దావా లేదనుకోకండి, వకీలు చేతకూడా విచారించండి.

వెబ్‌సైటు ప్రతి చదువుకోవడానికే. అధికారికంగా చూపడానికి ధృవీకరించిన నకలు కావాలి. దానికి కోర్టులోని కాపీయింగు విభాగంలో దరఖాస్తు పెట్టాలి. మా రైతు దావాలో పార్టీ కాడు; అందుచేత నకలు ఎందుకు కావాలో తెలుపుతూ అఫిడవిట్ జతచేయవలసి వచ్చింది. స్టాంపులు ఎన్ని కావాలో నోటీసు బోర్డుమీద వేస్తారు. గడువులోగా ఇవ్వకపోతే దరఖాస్తు కొట్టివేస్తారు. కాబట్టి దరఖాస్తు పెట్టి ఇంటికివచ్చి కూర్చోకూడదు.

ఓడిన పార్టీకి ఈ నకలు మరీ ముఖ్యం. తీర్పు తేదీనుంచి జిల్లా కోర్టుకు అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు గడువు. నకలు తయారుకావడానికి పట్టిన రోజులు ఈ లెక్కలోనుంచి తీసివేస్తారు. దరఖాస్తు పెట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ ఆ నకలుమీదే ఉంటాయి. కాని దరఖాస్తు పెట్టకుండా మీరు గడిపిన రోజులు మీ ఖాతాలోనే పడతాయి. కోతలయ్యాక చూద్దామంటే గడువు ఆగదు!

స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కు ఫోను చేయవచ్చు. తోటి విస్తరణ సిబ్బంది ఈ నంబరును రచ్చబండ దగ్గర, పాలకేంద్రం దగ్గర రాసిపెట్టాలని మనవి.

మా రైతు ఇప్పుడు ఆ దావాలో తనను చేర్చమని కోర్టును కోరాడు. ఇంకా తేలలేదు. నిమ్మకు నీరు పెడుతూనే ఉన్నాడు, కాపు ఎవరిదవుతుందో తెలియకుండా. ఒక్కపూట కోర్టుకు వెళ్ళి విచారించి ఉంటే ఈ బెంగ ఉండేది కాదు. బయానా ఇచ్చే ముందే ఆ పూట కేటాయించండి.