రాని కారుకి రేటు కట్టిన రాత్రి

నేను ఏడో తరగతిలో ఉండగా, 2017 నవంబర్‌లో, టెస్లా కొత్త రోడ్‌స్టర్‌ని చూపించింది. ఎర్ర కారు, ఊడదీసే గాజు టాపు, నాలుగు సీట్లు. సున్నా నుంచి 60 మైళ్ల వేగానికి 1.9 సెకన్లు, ఒక్క ఛార్జికి దాదాపు 1000 కిలోమీటర్లు, 2020లో రోడ్డు మీదకి అన్నారు. లెక్కల నోట్సు చివరి పేజీలో దాని బొమ్మ వేసి కింద "2020" అని రాసుకున్నా. ఇప్పుడు బీటెక్ మూడో సంవత్సరం. ఇది రాసే రోజుకి ఒక్క కారు కూడా కొన్నవాళ్ల చేతికి రాలేదు. తమాషా ఏంటంటే, పాత రోడ్‌స్టర్ ఒకటి 2018లోనే రాకెట్ ఎక్కి అంతరిక్షంలోకి వెళ్లింది!

మొన్న రాత్రి మా రూమ్మేట్ అడిగాడు: "రేయ్, అది మన దగ్గరికి వస్తే ఎంత ఉంటుందిరా?" బిర్యానీ పందెం. లెక్క ఇదిగో.

రేటు

అప్పుడు చెప్పిన ధర 2 లక్షల డాలర్లు. అదే కంపెనీ సైబర్‌ట్రక్ సంగతి చూడండి. 2019లో 39,900 డాలర్ల నుంచి అన్నారు. 2023 చివర డెలివరీలు మొదలయ్యేసరికి ప్రారంభ ధర 60,990 అయింది. అంటే ఒకటిన్నర రెట్లు. అదే కొలత ఇక్కడ పెడితే రోడ్‌స్టర్ 3 లక్షల డాలర్లు.

ఇక మన దేశం. 2025 జులైలో మోడల్ వై ఇక్కడికి దిగుమతి కారుగా వచ్చింది. అందులో లాంగ్ రేంజ్ కారు 67.89 లక్షలు. అలాంటిదే అమెరికాలో 44,990 డాలర్లు, అంటే అప్పటి రేటులో 39 లక్షల లోపు. కస్టమ్స్ సుంకాలు, మిగతా ఖర్చులు కలిసి దాదాపు 1.75 రెట్లు. ఈ లెక్కన రోడ్‌స్టర్ సుమారు నాలుగున్నర కోట్లు. మావాడు రెండు కోట్లన్నాడు. బిర్యానీ నాదే, కారు వస్తే!

రూపం

ఇక్కడ కూడా సైబర్‌ట్రక్కే సాక్షి. స్టేజి మీద దానికి సైడు అద్దాలు లేవు. అమ్మకానికి వచ్చేసరికి అద్దాలూ వచ్చాయి, ఒక పెద్ద వైపరూ వచ్చింది. మొత్తం ఆకారం మాత్రం పెద్దగా మారలేదు. కాబట్టి రోడ్‌స్టర్ కూడా దూరం నుంచి అదే కారులా ఉంటుంది, దగ్గరికెళ్తే మారి ఉంటుందని నా అంచనా.

అసలు చిక్కు వేరే ఉంది. 2024లో మస్క్ 60 మైళ్ల వేగం ఒక సెకను లోపే అన్నాడు. ఫస్టియర్ ఫిజిక్స్ చాలు. 60 మైళ్లంటే సెకనుకి 26.8 మీటర్లు. ఒక్క సెకనులో అందుకోవాలంటే 2.7 జీ త్వరణం కావాలి. మామూలు రోడ్డు మీద మంచి టైరు పట్టు 1కి కాస్త అటూ ఇటూ. మోటారు ఎంత పెద్దదైనా అంతకు మించితే చక్రం జారుతుంది. బయల్దేరేటప్పుడు గాలి ఒత్తిడి ఉండదు కనక స్పాయిలర్ కూడా ఆదుకోదు. అందుకే 2018లోనే అతను చిన్న రాకెట్ థ్రస్టర్ల మాట ఎత్తాడు. వాటికి గాలి ట్యాంకు కావాలి. నాకు కనిపించే చోటు వెనక సీట్లే. అంటే నా బొమ్మలోని నాలుగు సీట్లు రెండయ్యే అవకాశం ఉంది.

నవ్వుకుంటూ లెక్క వేశాం కానీ ఒక అంకె దగ్గర ఆగిపోయా. 2017లో బుకింగే 50,000 డాలర్లు. ఒక బొమ్మని నమ్మి జనం అంత కట్టారు.

నవ్వే అర్హత నాకు లేదు. పోయిన ఏడాది మా టీమ్ ఈ-కార్ట్‌కి ముందు అందమైన రెండర్ చేసింది. "మార్చికల్లా రెడీ అన్నా" అని ఒక సీనియర్ దగ్గర డబ్బు తీసుకున్నాం. బ్యాటరీ పెట్టె వచ్చాక అది బాడీలో పట్టలేదు. సీటు వెనక్కి జరిపాం, ముక్కు ఎత్తు పెంచాం. మే నెలలో బండి చూసి ఆయన ఒకటే అడిగాడు: "మీరు నాకు చూపించింది ఇదేనా తమ్ముడూ?" ఎవ్వరం నోరు మెదపలేదు.

ఈసారి కార్ట్‌కి బ్యాటరీ కొలతలు చేతికి వచ్చేదాకా రెండర్ చేయకూడదని రాసి ల్యాబ్ తలుపుకి అంటించాం. రోడ్‌స్టర్ మీద మీ లెక్క వేరే ఉంటే వచ్చే సంచికకి రాసి పంపండి. నాలుగున్నర కోట్లకి కాస్త దగ్గరగా ఉంటే మరీ సంతోషం!