మతిమరుపు మొదలైన ఇంట్లో ఇద్దరూ బాగుండాలంటే



చదువులకు, పెళ్ళిళ్ళకు, వైద్యానికి మీరిచ్చే సాయం గురించి ఈ సంచికలో ఏటా చదువుతుంటారు. ఈసారి మన ఇళ్ళలో గుట్టుగా ఉండిపోతున్న ఒక సంగతి మీ ముందు పెడుతున్నాం. వయసు మళ్ళిన దంపతుల్లో ఒకరికి జ్ఞాపకం తగ్గుతోందని డాక్టరు చెప్పాక ఆ ఇద్దరూ ఎలా బతకాలన్నదే ఆ సంగతి.

డాక్టర్లు దీన్ని మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్, పొట్టిగా ఎం.సి.ఐ. అంటారు. వయసుతో అందరికీ వచ్చే మరుపుకన్నా ఇది ఎక్కువ, డిమెన్షియాకన్నా తక్కువ. కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం మామూలే. నిన్న కూతురు ఫోన్ చేసిన సంగతే గుర్తులేకపోవడం, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగడం, రోజూ చేసే లెక్కలో తికమకపడడం మాత్రం చూపించుకోవలసిన లక్షణాలు. అయినా ఈ దశలో మనిషి తన రోజువారీ పనులు తాను చేసుకోగలడు. డిమెన్షియాకు, దీనికి ముఖ్యమైన తేడా అదే.

మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఎం.సి.ఐ. వచ్చిన ప్రతివారూ అక్కడికి చేరతారనుకోకూడదు. కొందరు ఏళ్ళ తరబడి అలాగే ఉంటారు, కొందరు మెరుగవుతారు, కొందరికి ముదురుతుంది. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, నిద్రలేమి, కొన్ని రకాల మందులు కూడా మరుపు తెస్తాయి. వీటికి చికిత్స ఉంది. అందుకే ‘వయసైపోయింది లే’ అని వదిలేయకూడదు. మన పూతలపట్టు నుంచి ఇటు తిరుపతి స్విమ్స్, అటు వేలూరు సి.ఎం.సి. అందుబాటులోనే ఉన్నాయి. రెండు చోట్లా నరాల వైద్య విభాగాలున్నాయి.

అక్కడ అడిగే ప్రశ్నలు ఏ భాషలో అడుగుతున్నారో గమనించండి. తెలుగులో చక్కగా లెక్క చెప్పే పిల్లవాణ్ణి రాని భాషలో అడిగితే తడబడతాడు, ఇది ఉపాధ్యాయులుగా మాకు తెలిసిన విషయం. పెద్దలకూ అంతే. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఎంతవరకు చదువుకున్నారో ముందే చెప్పాలి.

భాష మాట వచ్చింది కాబట్టి మరొకటి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. రెండు భాషలు వస్తే జబ్బే రాదని దీని అర్థం కాదు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, వేలూరు వెళితే నాలుగు ముక్కలు తమిళం మాట్లాడే మన పెద్దల అలవాటు మెదడుకు మేలే చేస్తుండవచ్చు. నలుగురిలో తప్పు మాట్లాడతారేమోనని వారిని ఇంట్లోనే కూర్చోబెడితే ఆ మాటా పోతుంది, ఆ మనుషులూ దూరమవుతారు.

ఇక ఇద్దరి సంగతి. మేము చూసిన ఇళ్ళలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతున్నాయి. ఒకటి, ‘ఇప్పుడే చెప్పాను కదా!’ అని ప్రతిసారీ విసుక్కోవడం. రెండోది, ప్రేమకొద్దీ అన్నీ తామే చేసిపెట్టడం. అతిథి ఆయన్ని పలకరిస్తే ఆమె జవాబిస్తుంది. కొన్నాళ్ళకు ఆయన మాట్లాడడమే మానేస్తాడు. కాబట్టి అడిగింది మళ్ళీ ఒకసారి చెప్పండి, పని మాత్రం వారినే చేయనివ్వండి. ఆలస్యమైనా పరవాలేదు.

తాళాలు, కళ్ళజోడు, ఫోను ఒకేచోట పెట్టండి. ఒకే క్యాలెండరు, ఒకే నోటుపుస్తకం చాలు. అయిదు పూటల నమాజు రోజుకు మంచి ఆనవాలు. మాత్రలు, నడక, ఫోన్లు వాటి వెనకే పెట్టుకుంటే మరిచిపోవడం తగ్గుతుంది. రకాతుల లెక్క తప్పుతోందని బాధపడేవారికి జమాఅత్‌లో ఇమాము వెనక నిలబడడం ఊరట. రంజాను ఉపవాసాలకు ముందు షుగరు, బీపీ మాత్రల వేళల గురించి డాక్టరును అడగాలి.

డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతం నివారించగలిగినవి లేదా వాయిదా వేయగలిగినవి అని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. అది చూపిన 14 కారణాల్లో వినికిడి లోపం, చూపు మందగించడం, అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, ఒంటరితనం ఉన్నాయి. మరుపును పూర్తిగా పోగొట్టే మాత్ర ఇంతవరకు లేదు. ‘జ్ఞాపకశక్తి టానిక్కుల’కు పోసే డబ్బు చెవి మిషనుకు, కళ్ళజోడుకు పెట్టడం మేలు.

మనసు తేటగా ఉన్నప్పుడే ఇద్దరూ కూర్చుని భూమి కాగితాలు, బాకీలు, బ్యాంకు నామినీ, జకాతు లెక్క, వసీయత్ సంగతి మాట్లాడుకోవాలి. తనకు ఎలాంటి చికిత్స కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. ఈ మాటలు ఎత్తడం కష్టమే. ఎత్తకపోతే రేపు ఆయన ఇష్టం ఏమిటో ఆమె ఊహించుకోవలసి వస్తుంది, పిల్లలు ఒక్కొక్కరు ఒక్కోలా ఊహిస్తారు.

తోడుగా ఉన్న మనిషి కూడా అలసిపోతుంది. వారానికి ఒక పూటైనా ఆమెకు పుట్టింటివారో, కోడలో, పొరుగువారో విడుపు ఇవ్వాలి. మనసు బరువెక్కితే టెలి మానస్ 14416కు, వృద్ధుల సాయానికి ఎల్డర్ లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. రెండూ ఉచితమే.

దాతలకు మా మనవి ఒకటే. వైద్య సాయం ఇచ్చేటప్పుడు సాధారణంగా రోగి ఖర్చే లెక్కవేస్తాం. జ్ఞాపకం తగ్గిన మనిషి వేలూరుకు ఒంటరిగా వెళ్ళలేడు, డాక్టరు చెప్పింది ఇంటికి వచ్చి చెప్పలేడు. భార్యో భర్తో వెంట ఉంటేనే ఆ ప్రయాణానికి ఫలితం. అందుకని వచ్చే ఏడాది పద్దులో రెండో టిక్కెట్టు, రెండో భోజనం, రాత్రి బస కూడా రాయండి.